హాలియా నుంచి విశాఖకు.. నాయిన పడవకు చోటెక్కడ?

ఎవరైనా ఉద్యోగం వచ్చి ఊరు మారుతున్నారంటే మా హాలియాలో అడిగే ప్రశ్నలు మూడే. ఇల్లు దొరికిందా? అద్దె ఎంత? బండి పెట్టుకోను జాగా ఉందా? నాకు విశాఖపట్నంలో ఉద్యోగం వచ్చిందని చెప్పినప్పుడు మాత్రం అమ్మ ఇవేవీ అడగలేదు. బియ్యం చెరుగుతూ తలెత్తకుండానే అంది.

"మరి నాయిన పడవనేం జేస్తవ్?"

హాలియా వాళ్లకు పడవేంటని మీకు అనుమానం రావచ్చు. నల్గొండ జిల్లా, రాళ్ల గుట్టలు, ఎర్ర నేల.. సముద్రం ఇక్కడికి వందల కిలోమీటర్ల దూరం. కానీ మా ఊరి నుంచి పెద్దవూర మీదుగా బస్సెక్కితే గంటలోపే నాగార్జునసాగర్. నెహ్రూ 1955 డిసెంబర్ 10న ఆ డ్యామ్‌కు శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టులో ఇందిరాగాంధీ కాల్వలకు నీళ్లు వదిలారు. ఎడమ కాల్వ నీళ్లతోనే మా దగ్గర వరి, రైస్ మిల్లులు, నాయిన షెడ్డు.. అన్నీ.

నాయినది బోరు మోటార్లు, డీజిల్ ఇంజిన్లు బాగుచేసే షెడ్డు. ఒక ఎండాకాలం వైజాగ్ కాలనీ నుంచి ఒకాయన పడవ ఇంజిన్‌ను గోనెసంచిలో చుట్టుకొని తెచ్చాడు. నాయిన దాన్ని బాగుచేశాడు. ఆ తర్వాత ఇంకోటి, ఆ తర్వాత వాళ్ల బావమరిదిది. మజూరీ బాకీ పెరిగి పెరిగి, చివరికి బాకీ కింద 16 అడుగుల పాత ఫైబర్ తెప్ప మాదైంది. నేను ఆయన్ని మామా అని పిలవడం కూడా అప్పుడే మొదలైంది.

నాయిన చేపలు పట్టేవాడు కాదు. ఆదివారం షెడ్డు మూసి, నన్ను బండెక్కించుకొని పోయి, ఆ తెప్పలో నీళ్ల మధ్యకు వెళ్లి కూర్చునేవాడు. అంతే. మోటార్ల చప్పుడు మధ్య బతికే మనిషికి అదొక్కటే సెలవు. ఆయన పోయి రెండేళ్లయింది. తెప్ప మాత్రం అక్కడే ఉంది.

గూగుల్‌లో మెరీనా అని కొడితే..

సముద్రం ఉన్న ఊరికే పోతున్నా కదా, పడవను కూడా తీసుకుపోతే అయిపోయె అనుకున్నా. డీసీఎం వ్యాన్‌లో ఎక్కిస్తే దాదాపు 500 కిలోమీటర్లు. కిరాయి సంగతి తర్వాత. ముందు అక్కడ పెట్టడానికి చోటు కావాలి కదా.

విదేశాల వీడియోల్లో చూసే ఉంటారు. తెల్లటి పడవలు వరసగా, ఒక్కోదానికి ఒక్కో గడి. దాన్నే మెరీనా అంటారు. నీళ్ల మీద తేలే నడకదారి, దానికి రెండు వైపులా వేళ్లలాంటి చిన్న వంతెనలు, వాటి మధ్య పడవ. ఆ గడినే స్లిప్ అంటారు. కరెంటు, మంచినీళ్లు, కాపలా అన్నీ ఉంటాయి. పడవ పొడవును బట్టి అద్దె. ఆ నడకదారి నీటితో పాటే లేస్తుంది, నీటితో పాటే దిగుతుంది. అందుకే తాడు తెగదు, పడవ గోడకు కొట్టుకోదు.

నేను 'మెరీనా' అని వెతికితే మొదట వచ్చింది చెన్నై బీచ్! 1884లో గవర్నర్ గ్రాంట్ డఫ్ ఆ పేరు పెట్టాడు, కానీ అక్కడ పడవలు కట్టే మెరీనా ఏమీ లేదు. మన దేశంలో అలాంటివి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. కొచ్చిలో బోల్గట్టి దీవి దగ్గర ఒకటి ఉంది. మన తెలుగు తీరంలో పడవకు చోటంటే ఫిషింగ్ హార్బర్, ఉప్పుటేరు, లేదంటే ఇసుక. ఈ మూడే.

మూడింటినీ చూసి రావాలని మిర్యాలగూడలో విశాఖ ఎక్స్‌ప్రెస్ ఎక్కాను.

హార్బర్‌లో.. రైస్ మిల్లు ముందు సైకిల్

విశాఖ ఫిషింగ్ హార్బర్‌కు తెల్లవారుజామున వెళ్లండి. ఇది పడవ లేనివాళ్లకు కూడా చెప్పే మాట. ఐదింటికల్లా ఐస్ పెట్టెలు, ఆటోలు, వేలం పాటలు, చేపల గంపలతో ఆడవాళ్లు. చెప్పులు తడవకుండా పది అడుగులు వేయలేరు. వందల మరబోట్లు ఒకదాని పక్కన ఒకటి, జెట్టీ చాలక వరస వెనక వరస. ఒడ్డు మీదకు రావాలంటే నాలుగు బోట్ల మీంచి నడిచి రావాల్సిందే.

అక్కడ 40 అడుగులు దాటిన బోట్ల మధ్య నా 16 అడుగుల తెప్పను ఊహించుకున్నా. రైస్ మిల్లు ముందు ధాన్యం లారీల వరసలో సైకిల్ నిలబెట్టినట్టుంది.

ఒక బోటు డ్రైవర్‌ను అడిగా. ఆయన నవ్వలేదు, సరిగ్గానే చెప్పాడు. "ఇక్కడ పెట్టినా ఆగదు బాబూ. రెండు బోట్ల మధ్య నలిగిపోద్ది." తర్వాత ఒక వైపు చెయ్యి చూపించాడు. 2023 నవంబర్ 19 రాత్రి ఈ హార్బర్‌లో అగ్నిప్రమాదం జరిగి దాదాపు 40 బోట్లు కాలిపోయాయి. బోట్లు ఇలా ఆనుకొని ఉన్నచోట ఒకదానికి అంటుకుంటే ఆగుతుందా? ఒక్కో బోట్లో డీజిల్, గ్యాస్ సిలిండర్. తాళ్లు విప్పి పక్కకు లాగుదామన్నా ఖాళీ నీళ్లుండాలి కదా.

అక్కడే కాగితాల సంగతి కూడా తెలిసింది. సాగర్‌లో చెల్లిన లైసెన్సు సముద్రంలో చెల్లదు. సముద్రంలో చేపల వేటకు వెళ్లే పడవకు విడిగా రిజిస్ట్రేషన్, దాని మీద రాసే నంబర్, రాష్ట్రాన్ని బట్టి రంగు. 2008 ముంబై దాడి చేసినవాళ్లు ఒక చేపల బోటును పట్టుకొనే వచ్చారు కదా, అప్పట్నుంచి ఈ విషయంలో గట్టిగానే ఉంటున్నారు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమని మోటారు పడవలన్నీ ఒడ్డునే ఉండాలి. "నేను చేపలు పట్టను, ఊరికే కూర్చుంటా" అని ఒక ఆఫీసులో చెప్పాను. ఆ గడి వాళ్ల ఫారంలో లేదు. రేపు రమ్మన్నారు. ఆ రేపటికి నా రైలు.

ఉప్పుటేరు మంచిదే, కానీ..

రెండో చోటు కాకినాడ. అక్కడ సముద్రానికి ఎదురుగా హోప్ ఐలాండ్ అనే ఇసుక దిబ్బ పొడవుగా అడ్డం పడుకొని ఉంటుంది. దాని చాటున అఖాతం నెమ్మదిగా ఉంటుంది. జగన్నాథపురం దగ్గర ఉప్పుటేరులో పడవలు ఇళ్ల ముందు బండ్లలాగా కట్టేసి ఉంటాయి. నా తెప్పకు సరిపోయే నీళ్లంటే అవే. కానీ కాకినాడ నుంచి విశాఖ 150 కిలోమీటర్ల దాకా ఉంటుంది. వారానికోసారి పోయి చూసే పడవ ఎవరిది? ఎండకు పగిలిన ఫైబర్‌ది, ఎలుకలు కొరికిన తాడుది.

భీమిలిలో గోస్తనీ నది సముద్రంలో కలిసేచోట కూడా చూశాను. సాయంత్రం పూట కళ్లు తిప్పుకోలేం. కానీ నది నోరు ఇసుకతో ఎప్పటికప్పుడు మారుతూ ఉంటుందని, ఇవాళ దారి ఉన్నచోట వచ్చే నెల మెట్ట ఉండొచ్చని అక్కడి వాళ్లే చెప్పారు.

ఇక మిగిలింది ఇసుక.

"తుపానొస్తే ఎవులు లాగుతారు?"

విశాఖ నుంచి భీమిలి వెళ్లే రోడ్డులో సముద్రం వైపు దిగితే జాలరి పేటలు కనిపిస్తాయి. అక్కడ జెట్టీ ఉండదు. పడవలు అలల మీంచి నేరుగా ఇసుక మీదకు వస్తాయి. ఎనిమిది, పది మంది భుజాలు వేసి పైకి లాగుతారు. మోటారు విప్పి భుజాన ఇంటికి పట్టుకెళ్తారు.

ఇసుకే కదా, ఎక్కడైనా పెట్టుకోవచ్చు అనిపిస్తుంది. నేనూ అలాగే అనుకున్నా. ఒక పేటలో వల బాగుచేసుకుంటున్న పెద్దాయన పక్కన కూర్చొని నా సంగతంతా చెప్పాను. ఆయన చేతిలో సూది ఆగలేదు.

"తెప్ప ఎట్టుకోడానికి జాగాకేటి, బోల్డుంది. మరి తుపానొస్తే ఎవులు లాగుతారు?"

"నేనే వస్తానండి."

"ఒక్కడివే?"

ఏం చెప్పాలో తెలియలేదు. 16 అడుగుల తెప్పను తడి ఇసుకలో ఒక్కడు జరపలేడు. పెద్దాయన అప్పుడు సూది పక్కన పెట్టి, చూడు అన్నట్టు ఒడ్డు చూపించాడు. నాకు అప్పటిదాకా చెల్లాచెదురుగా కనిపించిన పడవలకు ఒక వరస ఉంది. ఫలానా ఇంటివాళ్లవి ఇక్కడ, వాళ్ల అల్లుడిది ఆ పక్కన. గీత గీయలేదు, బోర్డు పెట్టలేదు. కానీ అందరికీ తెలుసు. ఎవరి పడవ వచ్చినా పక్కవాడు వచ్చి చెయ్యి వేయాలి. రాకపోతే రేపు అతని పడవకూ ఎవరూ రారు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ విశాఖ మీద తీరం దాటిన రోజుల్ని ఆయన తలుచుకున్నాడు. ఎవరి పడవ అని చూడకుండా దొరికినవాటిని దొరికినట్టు ఊళ్లోకి లాగారట. అప్పటికీ కొన్ని పోయాయట.

"నువ్వు పనికెళ్లిపోతావు. ఆఫీసులో ఉంటావు. నీ తెప్ప మేం లాగుతాం, కాదన్ను. మా తెప్ప లాగడానికి నువ్వుండవు. అదెలా కుదురుద్ది బాబూ?"

ఆయన మాటలో కోపం లేదు. లెక్క ఉంది. అక్కడ అద్దె డబ్బులతో కట్టేది కాదు, భుజంతో కట్టేది. దానికి నా దగ్గర చిల్లర లేదు.

సాగర్‌లో ఒడ్డు నడుస్తుంది

తిరిగొచ్చిన మర్నాడే వైజాగ్ కాలనీకి పోయాను. హాలియా నుంచి కొండమల్లేపల్లి, దేవరకొండ దాటి నేరెడుగొమ్ము మండలం. గుట్టల మధ్య రోడ్డు మలుపులు తిరిగి తిరిగి, ఒక్కసారిగా ఎదురుగా నీళ్లు. కృష్ణా బ్యాక్‌వాటర్. ఇప్పుడు వీకెండ్ వస్తే హైదరాబాద్ కార్లన్నీ ఇక్కడే. వేడివేడి చేపల ఫ్రై, రీల్స్, పడవలో ఒక రౌండ్. కానీ ఊరికి ఆ పేరెందుకొచ్చిందని అడిగేవాళ్లు తక్కువ. విశాఖ వైపు నుంచి చేపల వేట కోసం వచ్చి స్థిరపడ్డ కుటుంబాలవి. సముద్రం పక్కన పుట్టినవాళ్లు రాళ్ల సీమలో ఒడ్డు వెతుక్కున్నారు. నేను చేయబోయింది వాళ్లు ఎప్పుడో తిరగేసి చేసేశారు.

మామకు విశాఖ కబుర్లన్నీ చెప్పాను. పెద్దాయన మాట దగ్గరికి రాగానే ఆయన నవ్వాడు.

"మా అయ్య వచ్చినప్పుడు ఇక్కడా అదే అడిగారంట. నీ పడవ ఎవులు చూస్తారని. ఏ ఊరోడివో తెలీదు, ఏ రేవోడివో తెలీదు. చాన్నాళ్లు పక్కోళ్ల వలలు మోశాడు. తర్వాతే ఒడ్డున గుంజ పాతనిచ్చారు."

తెప్ప ఉన్నచోటికి దిగాం. నేను రెండు నెలల కింద చూసినచోట అది లేదు. చాలా కిందకు, కొత్త ఒడ్డు దగ్గర, కొత్త గుంజకు కట్టేసి ఉంది. అప్పుడు తట్టింది నాకు.

సాగర్ నిండితే నీటిమట్టం 590 అడుగులు. కనీస మట్టంగా చెప్పేది 510. అంటే మధ్యలో 80 అడుగుల తేడా. విశాఖలో సముద్రం పోటుకూ ఆటుకూ మధ్య తేడా మహా అయితే ఒకటిన్నర మీటరు, అదీ రోజులో వచ్చి పోతుంది. ఇక్కడ ఆటు నెలల తరబడి సాగుతుంది. ఒడ్డు వాలు 20 అడుగులకు ఒక అడుగు అనుకోండి. నీళ్లు 10 అడుగులు దిగితే ఒడ్డు 200 అడుగులు వెనక్కి పోయినట్టు. పడవను అలాగే వదిలేస్తే వారం తిరిగేసరికి ఎండిన బురదలో కూర్చుంటుంది. వరద వస్తే దానికి తలకిందులు. రాత్రికి రాత్రి గుంజ మునిగిపోతుంది. 2023లో వానలు ముఖం చాటేసి సాగర్ గేట్లు ఎత్తే పనే పడలేదు. మరుసటి ఏడాది ఆగస్టులోనే ఎత్తారు. రెండేళ్లు రెండు రకాల ఒడ్డులు.

కట్టు తప్పిన పడవ ఏం చేస్తుందో 2024 సెప్టెంబర్‌లో మనమంతా టీవీల్లో చూశాం. 11 లక్షల క్యూసెక్కులు దాటిన వరదలో పడవలు కొట్టుకొచ్చి విజయవాడ ప్రకాశం బ్యారేజీని ఢీకొట్టాయి. గేట్ల కౌంటర్‌వెయిట్లు దెబ్బతిన్నాయి. ఆ పడవల్ని బయటికి తీయడానికి ఇంజినీర్లు, డైవర్లు రోజుల తరబడి తంటాలు పడ్డారు.

రెండేళ్లుగా నాయిన తెప్ప ఎక్కడికీ కొట్టుకుపోలేదు, బురదలో ఇరుక్కోలేదు. నేను ఆర్నెల్లకోసారి వచ్చి, కాసేపు కూర్చొని, ఫొటో తీసుకొని పోయేవాణ్ని. నీళ్లు దిగినప్పుడల్లా దాన్ని దింపింది, పెరిగినప్పుడల్లా ఎక్కించింది ఎవరో నేనెప్పుడూ అడగలేదు. అది అక్కడే ఉందని అనుకున్నాను. అది ఎప్పుడూ అక్కడ లేదు. ఒడ్డుతో పాటు నడుస్తూనే ఉంది.

"ఎన్నిసార్లు జరిపి ఉంటరు మామా?"

"లెక్కెవరు పెట్టారు. మావోటితో పాటే నీదీను. మీ నాయిన మా ఇంజిన్లకు లెక్క రాశాడేటి?"

రాశాడు. షెడ్డులో ఆ పుస్తకం ఇప్పటికీ ఉంది. బాకీల దగ్గర ఒక్కో పేజీ అడ్డంగా కొట్టేసి ఉంటుంది. అది మామకు చెప్పలేదు.

మీరూ వెతుకుతుంటే..

నాలా పడవ వెంట పెట్టుకొని ఊరు మారేవాళ్లు ఎక్కువమంది ఉండరు కానీ, ఉంటే ఈ నాలుగు మాటలు పనికొస్తాయి.

నీళ్లు ఏడాదిలో ఎంత పైకి, ఎంత కిందకు పోతాయో ముందు అడగండి. ఇవాళ కనిపించే ఒడ్డును నమ్మొద్దు. పడవ సైజుకు సరిపోయే చోటే చూడండి. పెద్ద హార్బర్ చిన్న పడవకు భద్రం కాదు. తీపి నీళ్లలో తిరిగిన పడవను ఉప్పు నీళ్లలో దింపితే ఖర్చు పెరుగుతుంది. బోల్టులు తుప్పు పడతాయి, అడుగున గుల్లలు పట్టేస్తాయి, వాడిన ప్రతిసారీ మోటారును మంచినీళ్లతో కడగాలి. కాగితాల పని ముగిశాకే వ్యాన్ మాట్లాడుకోండి. అన్నిటికన్నా ముందు, మీరు లేని రాత్రి గాలి లేస్తే ఆ తాడు ఎవరు పట్టుకుంటారో తెలుసుకోండి. ఆ మనిషి దొరికితే చోటు దొరికినట్టే.

పడవ లేనివాళ్లు సాగర్ వస్తే లాంచీ ఎక్కి నాగార్జునకొండ చూడండి. డ్యామ్ కింద మునిగిపోయిన విజయపురి ఇక్ష్వాకుల రాజధాని. నీళ్లు రాకముందు తవ్వి తీసిన కట్టడాల్ని కొన్నింటిని కొండ మీదకు తరలించి మళ్లీ కట్టారు. అందులో రాతి మెట్ల స్నానఘట్టం కూడా ఉంది. కృష్ణ ఒడ్డు మెట్లు కొండెక్కి కూర్చున్నాయి! ఇక్కడ ఒడ్డులు కూడా ఊరు మారాయి మరి.

చివరికి

తెప్పను విశాఖ తీసుకుపోలేదు. అమ్మలేదు కూడా. మామ చిన్న కొడుకు దాన్ని వాడుకుంటున్నాడు. టూరిస్టులను ఎక్కించొద్దు, లైఫ్ జాకెట్ లేకుండా పోవద్దు అని రెండే షరతులు పెట్టాను. నాయిన షెడ్డులోని పానాల పెట్టెను కూడా వాళ్లింటికే చేర్చాను. ఇంజిన్ ఆగిపోతే హాలియా దాకా మోయాల్సిన పని ఉండదు.

నేను విశాఖలో చేరి నాలుగు నెలలైంది. ఆదివారం తెల్లవారుజామున బస్సెక్కి ఆ పేటకు పోతున్నా. పడవలు ఇసుక ఎక్కేటప్పుడు వరసలో చివర నిలబడి నేనూ ఒక చెయ్యి వేస్తా. మొదటి రెండు వారాలు ఎవరూ పట్టించుకోలేదు. మూడో వారం ఒకతను కాళ్లు ఎక్కడ తొక్కి నిలబడాలో చూపించాడు. అరిచేతులు బొబ్బలెక్కి, తర్వాత గట్టిపడ్డాయి. మొన్న పెద్దాయన వల చుట్టుకుంటూ అడిగాడు.

"మీ తెప్ప ఎన్నడుగులన్నావు?"

పదహారు అన్నాను.

ఆయన వరసలో రెండు పడవల మధ్య ఖాళీ వైపు ఒకసారి చూశాడు. ఏమీ అనలేదు. నేనూ అడగలేదు. వచ్చే ఆదివారం మళ్లీ వెళ్లాలి.